67 కిలోల పోటీ, 3–2 తీర్పు: బాక్సింగ్ గురించి తల్లిదండ్రులూ పిల్లలూ తెలుసుకోవలసినవి



ఈ మధ్య మన హైస్కూలు పిల్లల్లో బాక్సింగ్ మీద ఆసక్తి బాగా పెరిగింది. ఆనేకల్ వైపు, బొమ్మసంద్ర వైపు శిక్షణకి వెళ్తామని కొందరు అడుగుతున్నారు. మంచిదే. ఆటలంటే మనకి వ్యతిరేకత ఏమీ లేదు. అయితే పోయిన నెలలో ఇద్దరు పిల్లలు మధ్యాహ్నం బిసియూట తినకుండా పళ్ళెం పక్కన పెట్టేస్తుంటే పిలిచి అడిగాను. "బరువు తగ్గాలి సార్, కింది వెయిట్‌లో ఆడితే గెలుస్తామంట" అన్నారు. ఇంకోవైపు ఒక తల్లి వచ్చి, "మా వాడు తలకాయ పగలగొట్టుకుంటాడేమో, మీరైనా వద్దని చెప్పండి సార్" అన్నారు.

పిల్లలకి బరువు గురించి సగం తెలుసు. పెద్దలకి ప్రమాదం గురించి సగం తెలుసు. సగం తెలిసిన విషయం ఏమీ తెలియనిదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. అందుకని ఒక నిజమైన పోటీని ఉదాహరణగా తీసుకుని, బాక్సింగ్‌లో బరువు అంటే ఏమిటి, తీర్పు ఎలా ఇస్తారు, ఇంట్లో మనం ఏం చూసుకోవాలి అన్నది వివరంగా రాస్తున్నాను. తీరిక చేసుకుని ఇంట్లో అందరూ చదవండి. రాత్రి షిఫ్ట్‌కి వెళ్ళేవాళ్ళకి పిల్లలే చదివి వినిపించండి.

వెల్టర్‌వెయిట్ అంటే ఏమిటి?

కుస్తీ, బాక్సింగ్ లాంటి ఆటల్లో 50 కిలోల మనిషినీ 80 కిలోల మనిషినీ ఎదురెదురుగా నిలబెడితే అది పోటీ అనిపించుకోదు. బరువున్నవాడి గుద్దులో బలం ఎక్కువ ఉంటుంది. అందుకే బరువుని బట్టి విభాగాలు చేశారు. ఫ్లై, ఫెదర్, లైట్, వెల్టర్, మిడిల్, హెవీ అని పేర్లు పెట్టారు. ఫ్లై అంటే ఈగ, ఫెదర్ అంటే ఈక. ఇవి తేలిక విభాగాలు. వెల్టర్ అన్నది గుర్రప్పందాల నుంచి వచ్చిన మాట అంటారు. బరువైన రౌతుని అలా పిలిచేవారట. బాక్సింగ్‌లో అది మధ్యస్థమైన విభాగం.

దీని హద్దు ఎప్పుడూ ఒకేలా లేదు. ఒలింపిక్స్‌లో 1952 నుంచి 2000 దాకా పురుషుల వెల్టర్‌వెయిట్ అంటే 67 కిలోల లోపు. 2004 నుంచి టోక్యో ఒలింపిక్స్ వరకు 69 కిలోలు. 2022లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో మళ్ళీ 67 కిలోలు. అంటే 63.5 కిలోలు దాటి 67 లోపు ఉన్నవాళ్ళు అందులో ఆడారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వచ్చేసరికి పురుషులకి ఏడు విభాగాలే మిగిలాయి. 63.5 తర్వాత నేరుగా 71 కిలోలే. మధ్యలో 67 లేదు. ఆ బరువులో ఆడేవాళ్ళు ఒక మెట్టు దిగాలి, లేదంటే ఒక మెట్టు ఎక్కాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

కామన్వెల్త్ క్రీడల వెల్టర్‌వెయిట్‌లో మన దేశానికి మంచి చరిత్రే ఉంది. 2006 మెల్‌బోర్న్‌లో విజేందర్ సింగ్‌కి రజతం, 2010 ఢిల్లీలో దిల్‌బాగ్ సింగ్‌కి కాంస్యం, 2014 గ్లాస్గోలో మన్‌దీప్ జాంగ్రాకి రజతం, 2018 గోల్డ్‌కోస్ట్‌లో మనోజ్ కుమార్‌కి కాంస్యం, 2022 బర్మింగ్‌హామ్‌లో రోహిత్ టోకస్‌కి కాంస్యం. వరసగా ఐదు క్రీడల్లో ఐదు పతకాలు, ఐదుగురు వేర్వేరు మనుషులు. కానీ ఆ ఐదింటిలో ఒక్కటీ స్వర్ణం కాలేదు.

2022 ఆగస్టు 6: ఒకే రోజు, రెండు సెమీఫైనల్స్

రోహిత్ టోకస్‌ది ఢిల్లీలోని మునిర్కా. రైల్వేస్ తరపున ఆడేవాడు. బర్మింగ్‌హామ్‌లో మొదటి బౌట్‌లో ఘనాకి చెందిన ఆల్ఫ్రెడ్ కోటేని 5–0తో ఓడించాడు. క్వార్టర్ ఫైనల్లో నియూ అనే చిన్న పసిఫిక్ దీవి నుంచి వచ్చిన బాక్సర్ మీద కూడా 5–0తోనే గెలిచాడు. ఆగస్టు 6న సెమీఫైనల్. ఎదుట జాంబియాకి చెందిన స్టీఫెన్ జింబా. తీర్పు 3–2, జింబా వైపు. ఆ జింబా ఫైనల్లో వేల్స్‌కి చెందిన యోవాన్ క్రాఫ్ట్ చేతిలో ఓడిపోయాడు.

అదే రోజు 57 కిలోల సెమీఫైనల్లో మన తెలుగు కుర్రాడు ఒకరు ఆడాడు. నిజామాబాద్‌కి చెందిన మహమ్మద్ హుసాముద్దీన్. దక్షిణాఫ్రికా బాక్సర్‌ని 5–0తో, బంగ్లాదేశ్ బాక్సర్‌ని 5–0తో, నమీబియా బాక్సర్‌ని 4–1తో దాటి వచ్చాడు. సెమీస్‌లో ఘనాకి చెందిన జోసెఫ్ కొమ్మే చేతిలో 1–4తో ఓడాడు. అతనికీ కాంస్యం. 2018లో గోల్డ్‌కోస్ట్‌లో 56 కిలోల విభాగంలో వచ్చిన కాంస్యంతో కలిపి కామన్వెల్త్ క్రీడల్లో అది అతనికి రెండో పతకం.

సెమీస్‌లో ఓడినవాళ్ళకి పతకం ఎలా వస్తుందని ఏడో తరగతి పిల్లవాడు ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. హాకీలోనైతే సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ మూడో స్థానం కోసం ఇంకో మ్యాచ్ పెడతారు. బాక్సింగ్‌లో పెట్టరు. దెబ్బలు తిని ఓడిన మనిషిని ఒక్క పతకం కోసం మళ్ళీ రింగులోకి దించడం ఆరోగ్యానికి మంచిది కాదు. అందుకే ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇచ్చేస్తారు.

3–2 అంటే మూడు గుద్దులు, రెండు గుద్దులు కాదు

ఇక్కడే చాలామంది పొరబడతారు. 3–2 అని పేపర్లో చూసి ఒకరు మూడు సార్లు కొట్టారు, ఇంకొకరు రెండు సార్లు కొట్టారు అనుకుంటారు. అది కాదు. రింగు చుట్టూ ఐదుగురు జడ్జీలు కూర్చుంటారు. ముగ్గురు ఒకరిని గెలిచాడన్నారు, ఇద్దరు మరొకరిని గెలిచాడన్నారు. అంతే దాని అర్థం.

ఒక్కో జడ్జీ ఎలా లెక్క వేస్తారంటే, బౌట్‌లో మూడు రౌండ్లు. ఒక్కోటి మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. ప్రతి రౌండులో మెరుగ్గా ఆడినవాడికి 10, రెండోవాడికి మామూలుగా 9 ఇస్తారు. బాగా వెనకబడితే 8, ఇంకా దిగజారితే 7. సరైన చోట పడిన శుభ్రమైన దెబ్బలు ఎన్ని, ఆటని ఎవరు నడిపించారు, ఎవరిలో పోటీతత్వం కనిపించింది అన్నవి చూస్తారు.

పిల్లలూ, ఇప్పుడు పలక మీద లెక్క వేయండి. ఇది నేను కల్పించిన లెక్క, ఆ రోజు బౌట్‌ది కాదు. నీలం, ఎరుపు అని ఇద్దరు బాక్సర్లు. రెండో రౌండు ఎరుపుదని, మూడో రౌండు నీలానిదని జడ్జీలు ఐదుగురూ ఒప్పుకున్నారు. మొదటి రౌండు దగ్గరే తేడా. ముగ్గురు నీలానిదన్నారు, ఇద్దరు ఎరుపుదన్నారు. ఆ ముగ్గురి కాగితాల మీద నీలానికి 10+9+10=29, ఎరుపుకి 9+10+9=28. మిగతా ఇద్దరి కాగితాల మీద ఎరుపుకి 29, నీలానికి 28. తీర్పు 3–2, నీలం గెలిచినట్టు.

ఐదుగురి మార్కులూ కలిపి చూడండి. నీలానికి 29×3+28×2=143. ఎరుపుకి 28×3+29×2=142. మొత్తం మీద తేడా ఒక్క మార్కు. ఆ ఒక్క మార్కు ఒకరిని ఫైనల్‌కి పంపుతుంది, ఇంకొకరిని ఇంటికి పంపుతుంది. మొదటి రౌండు మొదటి నిమిషంలో కాస్త ఆలస్యంగా మేలుకున్నా చాలు, ఫలితం మారిపోతుంది. పదో తరగతి పిల్లలకి నేను చెప్పేదీ అదే కదా, ప్రిపరేటరీ వరకు ఆగొద్దు, జూన్ నుంచే మొదలుపెట్టండి అని!

గెలిచాడని ప్రకటించాక ఓడిన సంగతి

వెల్టర్‌వెయిట్‌లో మన వాళ్ళు మరచిపోలేని బౌట్ ఇంకొకటి ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్. అప్పుడు విభాగం 69 కిలోలు. భివానీకి చెందిన వికాస్ కృష్ణన్ అమెరికాకి చెందిన ఎరల్ స్పెన్స్‌తో తలపడ్డాడు. అప్పట్లో పది మార్కుల పద్ధతి లేదు. పడిన దెబ్బలని జడ్జీలు మీటలు నొక్కి లెక్కపెట్టేవారు. బౌట్ అయ్యాక వికాస్ 13–11తో గెలిచాడని చెయ్యి పైకెత్తారు. మన దేశంలో టీవీల ముందు కూర్చున్నవాళ్ళు సంబరపడి నిద్రపోయారు.

తెల్లారేసరికి ఫలితం మారిపోయింది. అమెరికా జట్టు ఫిర్యాదు చేసింది. అధికారులు వీడియో మళ్ళీ చూశారు. మూడో రౌండులోనే వికాస్ ఎదుటివాణ్ణి తొమ్మిదిసార్లు పట్టుకున్నాడని, దానికి రిఫరీ ఒక్క హెచ్చరికైనా ఇవ్వలేదని తేల్చారు. రెండో రౌండులో నోట్లోని గమ్‌షీల్డ్ కావాలని ఉమ్మేశాడని కూడా అన్నారు. ఈ తప్పులకి కనీసం రెండు హెచ్చరికలు పడి ఉండాలి, అంటే ఎదుటివాడికి నాలుగు పాయింట్లు. 11కి 4 కలిపితే 15. స్పెన్స్ 15–13తో గెలిచినట్టు ప్రకటించారు.

అలా రాత్రికి రాత్రి తీర్పు మార్చడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. రిఫరీ రింగులో చూసీ చూడనట్టు వదిలేసినదానికి ఆటగాడు మూల్యం చెల్లించాడు. ఆ బాధ నిజమే. కానీ మన పిల్లలు నేర్చుకోవలసినది వేరే ఉంది. అలసిపోయినప్పుడు ఎదుటివాణ్ణి పట్టుకుని వేలాడడం బాక్సింగ్‌లో తప్పు. ఎవరూ చూడలేదు కదా అని చేసిన తప్పు తప్పు కాకుండా పోదు.

నిజామాబాద్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా

హుసాముద్దీన్ తండ్రి శంషుద్దీన్ గారు నిజామాబాద్‌లో బాక్సింగ్ కోచ్. కొడుకులకీ ఆయనే నేర్పారు, ఊళ్ళో పిల్లలకీ ఆయనే నేర్పారు. ఆయన దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ళలో నిఖత్ జరీన్ ఒకరు. మైదానంలో మిగతా ఆటలన్నిటిలో ఆడపిల్లలు ఉన్నారు, బాక్సింగ్‌లో మాత్రం ఎందుకు లేరని చిన్నప్పుడు నిఖత్ తండ్రిని అడిగిందట. ఆ ప్రశ్న దగ్గర మొదలైన అమ్మాయి 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజానికి గాయమై చాలాకాలం ఆటకి దూరమైంది. తిరిగి వచ్చి 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది. హుసాముద్దీన్ కాంస్యం అందుకున్న ఆ బర్మింగ్‌హామ్ క్రీడల్లోనే మరునాడు, ఆగస్టు 7న, 50 కిలోల ఫైనల్లో 5–0తో స్వర్ణం గెలిచింది. అంటే ఒకే ఊరు, ఒకే క్రీడలు, రెండు పతకాలు.

హుసాముద్దీన్ కథ కూడా అక్కడితో ఆగలేదు. 2023లో తాష్కెంట్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో సెమీస్ దాకా వెళ్ళాడు. మోకాలి గాయంతో సెమీస్ ఆడకుండా తప్పుకున్నాడు. పతకం కాంస్యంతో సరిపోయింది. గాయంతో రింగు ఎక్కకపోవడం పిరికితనం కాదని పిల్లలు గమనించాలి.

అసలు మాట: బరువు కోసం తిండి మానడం

ఇక మధ్యాహ్నం పళ్ళెం పక్కన పెట్టిన పిల్లల సంగతికి వస్తాను.

పెద్ద పోటీల్లో మొదటి రోజు పొద్దున బరువు చూస్తారు. ఆ తర్వాత బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున మళ్ళీ చూస్తారు. హద్దు దాటితే ఆ రోజు రింగు ఎక్కనివ్వరు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ ఫైనల్ రోజు 100 గ్రాముల తేడాతో పోటీకి దూరమైన సంగతి మీ అందరికీ గుర్తుంది. 100 గ్రాములంటే ఒక చిన్న లోటాలో సగానికి తక్కువ నీళ్ళు.

అది చూసి పిల్లలు తీసుకున్న పాఠం "తిండి మానాలి" అని. అది తప్పు పాఠం. ఎందుకో చెప్తాను.

మొదటిది, అక్కడ బరువు తగ్గించేవాళ్ళు ఎదిగిన మనుషులు. వాళ్ళ వెనక డాక్టరు, ఆహార నిపుణులు, కోచ్ ఉంటారు. అంతమంది ఉండి కూడా అది కష్టమైన, ప్రమాదమైన పని. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల ఒళ్ళు ఎదుగుతూ ఉంటుంది. ఆ వయసులో ఏడాదికి నాలుగైదు కిలోలు పెరగడం మామూలు. పెరగవలసిన బరువుని ఆపితే ఎముక, కండ, రక్తం అన్నీ దెబ్బతింటాయి.

రెండవది, ఒక్క రోజులో తగ్గేది కొవ్వు కాదు, నీళ్ళు. నీళ్ళు తాగకుండా, చెమటలు పట్టేలా పరిగెత్తి తగ్గించిన బరువు నీళ్ళు తాగగానే తిరిగి వస్తుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినవాడికి కళ్ళు తిరుగుతాయి, చూపు నిలవదు, దెబ్బ కాచుకునే వేగం పోతుంది. అంటే గెలవడానికి చేసిన పనే ఓడిస్తుంది.

మూడవది, విభాగాల హద్దులే నిలకడగా ఉండవని పైన చూశాం. 67 అయ్యింది, 69 అయ్యింది, మళ్ళీ 67 అయ్యింది, ఒలింపిక్స్‌లో ఏకంగా లేకుండా పోయింది. అలా మారిపోయే అంకె కోసం ఎదిగే ఒంటిని కోసుకోవడం తెలివైన పని కాదు. బరువు పెరిగితే పై విభాగంలో ఆడండి. వికాస్ కృష్ణన్‌నే చూడండి. 2010 ఆసియా క్రీడల్లో 60 కిలోల్లో స్వర్ణం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో 75 కిలోల్లో స్వర్ణం. మనిషి ఎదిగాడు, విభాగం మారింది, పతకం ఆగలేదు.

కాబట్టి మన బడిలో నియమం ఒక్కటే. బరువు కోసం భోజనం, పాలు, నీళ్ళు మానే పిల్లల్ని ఏ పోటీకీ పంపము. ఇంట్లో అమ్మలు కూడా గమనించండి. పొద్దున రాగి ముద్ద ముట్టకుండా, "బడిలో తింటాను" అని చెప్పి వెళ్ళి, బడిలో "ఇంట్లో తిన్నాను" అంటున్నారేమో చూడండి. ఒకే విభాగంలో ఉండాలని ఏ కోచ్ అయినా తిండి తగ్గించమంటే మాకు వెంటనే చెప్పండి.

ప్రమాదం ఎంత, జాగ్రత్త ఎంత?

తలకి దెబ్బ తగిలే ఆటలో ప్రమాదం లేదని చెప్తే అబద్ధమవుతుంది. అందుకే నియమాలు ఉన్నాయి. గట్టి దెబ్బ తిన్నవాడికి రిఫరీ ఎనిమిది వరకు లెక్కపెట్టి, అతను తేరుకున్నాడో లేదో చూస్తాడు. తేరుకోకపోతే బౌట్ ఆపేస్తాడు. రింగు పక్కన డాక్టరు ఉండాలి. తలదెబ్బతో పడిపోయినవాడు కనీసం 30 రోజులు బౌట్‌కీ, ఎదురెదురు సాధనకీ దూరంగా ఉండాలి. పెద్దల పురుషుల పోటీల్లో 2013 నుంచి తలకవచం తీసేశారు గానీ, పిల్లలకి అది తప్పనిసరి. టీవీలో పెద్దవాళ్ళు కవచం లేకుండా ఆడుతున్నారని మన పిల్లలు అనుకరించకూడదు.

వయసు నియమం కూడా తెలుసుకోండి. 13, 14 ఏళ్ళవాళ్ళు సబ్‌జూనియర్లు, 15, 16 జూనియర్లు, 17, 18 యూత్. 19 నిండే ఏడాది నుంచి పెద్దల విభాగం. చిన్నవాళ్ళకి రౌండ్లు మూడు నిమిషాలు ఉండవు, తక్కువ ఉంటాయి. 13 ఏళ్ళు రాని పిల్లవాణ్ణి పోటీకి దించుతామంటే ఒప్పుకోకండి.

చేర్చే ముందు కోచ్‌ని ఈ ప్రశ్నలు అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

1. మీకు రాష్ట్ర సంఘం గుర్తింపు, కోచింగ్ అర్హత పత్రం ఉన్నాయా?
2. మొదటి కొన్ని నెలలు ఏం నేర్పుతారు? (స్కిప్పింగ్, కాళ్ళ కదలిక, బ్యాగు మీద సాధన అని చెప్తే మంచి జవాబు. మొదటి వారమే ఎదురెదురుగా కొట్టిస్తామంటే తిరిగి వచ్చేయండి.)
3. తలకవచం, గమ్‌షీల్డ్, చేతికి చుట్టే కట్టు ప్రతి పిల్లవాడికీ ఉన్నాయా?
4. దెబ్బ తగిలితే దగ్గరలో ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? ఎవరు ఫోన్ చేస్తారు?
5. ఆడపిల్లలు ఉంటే వాళ్ళతో మహిళా శిక్షకులుగానీ పెద్దలుగానీ ఎవరుంటారు?

ఇంటికి వచ్చిన పిల్లవాడు తలనొప్పి, వాంతి, మగతగా ఉంది అంటే "నిద్రపోతే తగ్గిపోతుంది" అనుకోకండి. వెంటనే డాక్టర్‌కి చూపించండి. నయమైందని డాక్టరు చెప్పేవరకు సాధనకి పంపకండి.

చదువు, భవిష్యత్తు

"ఇది అన్నం పెడుతుందా సార్?" అని ఒక తండ్రి అడిగారు. గ్రానైట్ యూనిట్లో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి అడిగిన ప్రశ్న అది. తేలిగ్గా తీసుకోకూడదు. కొందరికి పెట్టింది. హుసాముద్దీన్‌కి సైన్యంలో ఉద్యోగం. నిఖత్‌ని తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీగా నియమించింది. రోహిత్ రైల్వేలో. కానీ వీళ్ళ వెనక వేలమంది పిల్లలు ఆడారు, పతకం దాకా రాలేదు. అందుకే ఎస్‌ఎస్‌ఎల్‌సీ పుస్తకాన్ని పక్కన పెట్టి గ్లవ్స్ పట్టుకోమని నేను చెప్పను. రెండూ పట్టుకోవచ్చు. పొద్దున గంటన్నర సాధన, రాత్రి రెండు గంటల చదువు కుదురుతాయి. కుదరనిది ఫోను.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. మన తెలుగు నేలకి బాక్సింగ్‌లో ప్రపంచ స్వర్ణం తెచ్చింది ఒక ఆడపిల్లే. "నీకెందుకమ్మా" అనే ముందు ఆ సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి.

మీరు చేయవలసినవి

శిక్షణకి వెళ్ళాలనుకునే 8, 9, 10 తరగతుల పిల్లలు తమ పేరు, వయసు, ఇప్పటి బరువు రాసి వ్యాయామ ఉపాధ్యాయులకి ఇవ్వాలి. బరువు బడిలోనే చూస్తాం. తల్లిగానీ తండ్రిగానీ స్వయంగా వచ్చి అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. పిల్లల చేత సంతకం పెట్టించి పంపితే తీసుకోము. షిఫ్ట్ వల్ల పగలు రాలేనివాళ్ళు శనివారం ఉదయం రావచ్చు, నేను ఆఫీసులో ఉంటాను. గుండె జబ్బు, మూర్ఛ, ఆయాసం, చూపు సమస్య ఉన్న పిల్లల సంగతి దాచకుండా చెప్పండి. వాళ్ళకి సరిపోయే వేరే ఆట చూద్దాం.

బిసియూట మానిన ఆ ఇద్దరు పిల్లలూ ఇప్పుడు మామూలుగా తింటున్నారు. వాళ్ళలో ఒకడు నిన్న వచ్చి, "రెండు కిలోలు పెరిగాను సార్, పై వెయిట్‌లో ఆడతాను" అన్నాడు. "ఆడు నాయనా" అన్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు
జిగణి